ఓటీటీ వచ్చాక కొరియన్ డ్రామా బాగుపడిందా, చెడిందా?

గోంగూరకిమ్చి:
సూటిగా అడుగుతున్నా. నెట్‌ఫ్లిక్స్ డబ్బు దిగాక కొరియన్ డ్రామాలు బాగుపడ్డాయా, చెడ్డాయా? నా ఓటు చెడ్డాయనే. ఒకప్పుడు డ్రామా అంటే మామూలుగా పదహారు ఎపిసోడ్లు, వారానికి రెండు, ఒక్కోటీ గంటకు పైనే. ఆ తీరికలోనే పక్క పాత్రలు బతికేవి. 2015లో వచ్చిన ‘రిప్లై 1988’ మొదటి ఎపిసోడ్ గుర్తుందా? సాయంత్రం వంటవేళ. ఒకింటావిడ గిన్నెలో కూర పెట్టి పక్కింట్లో ఇచ్చి రమ్మని కూతుర్ని పంపుతుంది. వాళ్లు వట్టి చేతులతో పంపరు కదా, తమ వంట పెట్టిస్తారు. అలా వీధిలో పిల్లలంతా గిన్నెలు మోస్తూ ఒకరికొకరు ఎదురుపడుతూనే ఉంటారు. కథ అంగుళం కదలదు. సబ్‌టైటిల్స్ చదవని మా అమ్మ అది చూసి “మన వీధే కదా ఇది” అంది. ఇప్పటి ఆరెపిసోడ్ల సిరీస్‌లో ఆ సీను మిగులుతుందా?

రాత్రిరెండింటికి:
పదహారు ఎపిసోడ్లను మరీ నెత్తిన పెట్టుకోకండి గోంగూర గారూ. పన్నెండో ఎపిసోడ్ దాకా బాగానే ఉంటుంది. తర్వాత ఉన్నట్టుండి లారీ గుద్దుతుంది, మతిమరుపు వస్తుంది, ఆఖర్న ఎయిర్‌పోర్ట్. సాగతీతలో మన సీరియళ్లకు చెల్లెలే. షూటింగ్ రోజున చేతికొచ్చే స్క్రిప్టు ముక్కలకు అక్కడ ‘చోక్‌దేబోన్’ అని పేరే ఉంది, అంత మామూలు విషయమన్నమాట. ప్రకటనల గోల వేరే. 2021లో ‘విన్సెంజో’లో హీరో చేతికి చైనా కంపెనీ బిబింబాప్ (కొరియా వాళ్ల సొంత కలిపిన అన్నం) డబ్బా ఇస్తే కొరియా జనం ఎంత మండిపడ్డారో! ఆ సీనే తీసేయాల్సి వచ్చింది.
ఇంకో మాట. దర్శకుడు హ్వాంగ్ డాంగ్-హ్యూక్ ‘స్క్విడ్ గేమ్’ రాసుకున్నది 2009 ప్రాంతంలో. పదేళ్లపాటు అక్కడ ఎవరూ డబ్బు పెట్టలేదు. 2021లో మనం చూశామంటే ఓటీటీ పుణ్యమే.

రికార్డులగది:
ఇద్దరూ ఎపిసోడ్లు లెక్కపెడుతున్నారు గానీ అసలు గొడవ హక్కులది. బ్లూమ్‌బర్గ్ వార్తాసంస్థ బయటపెట్టిన నెట్‌ఫ్లిక్స్ లోపలి కాగితాల ప్రకారం ‘స్క్విడ్ గేమ్’ మొదటి సీజన్ ఖర్చు 2.14 కోట్ల డాలర్లు, దానివల్ల నెట్‌ఫ్లిక్స్ లెక్కగట్టుకున్న విలువ దాదాపు 90 కోట్ల డాలర్లు. హక్కులు నెట్‌ఫ్లిక్స్‌వి కాబట్టి దర్శకుడికి మాత్రం ఒప్పందంలో రాసిన సొమ్మే. మొదటి సీజన్‌లో తనకు పెద్దగా మిగల్లేదని, రెండోది చేయడానికి అదీ ఒక కారణమని ఆయనే చెప్పాడు. పైగా ఆ ఒత్తిడికి పళ్లు ఊడిపోయాయట పాపం.
దీనికి ఎదురు ఉదాహరణ ఏస్టోరీ అనే నిర్మాణ సంస్థ. 2019లో నెట్‌ఫ్లిక్స్‌కు ‘కింగ్‌డమ్’ తీసిచ్చింది వాళ్లే. 2022లో ‘ఎక్స్‌ట్రార్డినరీ అటార్నీ వూ’ దగ్గరికి వచ్చేసరికి హక్కులు తమ దగ్గరే ఉంచుకుని, ఈఎన్ఏ అనే చిన్న చానెల్‌లో వేశారు. తొలి ఎపిసోడ్‌కు రేటింగ్ ఒక శాతం కూడా లేదు, చివరిదానికి 17.5. నెట్‌ఫ్లిక్స్‌లోనూ వచ్చింది, కానీ లైసెన్సు మీద. పొలం మనదే, పంట మాత్రం అమ్మాం. నన్నడిగితే మంచీ చెడూ అక్కడే తేలాలి.

ఒప్పాకాదుబావ:
హక్కుల సంగతి పెద్దలకు వదిలేస్తా. నా బాధ సబ్‌టైటిల్స్‌తో. కొరియన్ వాళ్లు పలకరింపుగా “అన్నం తిన్నావా” అంటారు. ఇంగ్లిష్ సబ్‌టైటిల్‌లో అది “ఎలా ఉన్నావ్” అయిపోతుంది. మనకు మధ్యలో ఆ ఇంగ్లిష్ ఎందుకు? ప్రేమలో పడ్డ జంట మీరు నుంచి నువ్వుకు దిగే సీను వాళ్ల డ్రామాల్లో ఒక పండగ. పర్మిషన్ అడిగి మరీ దిగుతారు! ఇంగ్లిష్‌లో ఆ తేడాయే లేదు, సీను చప్పబడిపోతుంది. తెలుగులో ఒక్క అక్షరంతో పండుతుంది. ‘ఒప్పా’ అంటే అన్నయ్యే గానీ ప్రియుణ్ణీ అలాగే పిలుస్తారు. దాన్ని అన్నయ్యా అని డబ్బింగ్ చెబితే కొంప మునుగుతుంది, బావా అంటే సరిగ్గా అతుకుతుంది.
పేర్లూ అంతే. 2025లో జెజు దీవి కథ ఒకటి వచ్చింది కదా, దాని అసలు పేరుకు అక్కడి యాసలో “చాలా కష్టపడ్డారు” అని అర్థం. బయటివాళ్ల కోసం “జీవితం నిమ్మకాయలిస్తే నిమ్మరసం చేసుకో” అనే ఇంగ్లిష్ సామెతను నారింజలకు తిప్పి ‘వెన్ లైఫ్ గివ్స్ యు టాన్జరీన్స్’ అన్నారు. తెలివైన పేరే, కాదనను. కానీ ఆ కథలో సముద్రంలో మునిగి నత్తలు ఏరే తల్లికి చెప్పాల్సిన మాట అందులో లేదు.

రాత్రిరెండింటికి:
ఆ జెజు కథ నెట్‌ఫ్లిక్స్‌దే కదండీ! పైగా పదహారు ఎపిసోడ్లు, వారానికి నాలుగు చొప్పున నాలుగు వారాలు. గోంగూర గారు ఏమంటారో?

గోంగూరకిమ్చి:
దొరికిపోయాను. అది చూసి ఏడ్చానని కూడా ఒప్పుకుంటా. కానీ అంత డబ్బూ అంత ఓపికా ఎన్ని కథలకు దక్కుతాయి? 2023లో నెట్‌ఫ్లిక్స్ నాలుగేళ్లలో 250 కోట్ల డాలర్లు పెడతానంది. పెద్ద సినిమా స్టార్లంతా అటే పోతే, వారానికి రెండు రోజులు వేసే టీవీ వాళ్లకు మిగిలేదెవరు? నా గిన్నెల సీనుకు జవాబు ఇంకా ఎవరూ చెప్పలేదు.

రికార్డులగది:
చెబుతా. ఆ సీను తీసింది టీవీఎన్ అనే కేబుల్ చానెల్. దాన్ని మీ అమ్మగారు ఎందులో చూశారు?

గోంగూరకిమ్చి:
నెట్‌ఫ్లిక్స్‌లోనే లెండి. పాస్‌వర్డ్ మా బావది.