ఆంధ్రప్రదేశ్ పుట్టినరోజు ఏది: అక్టోబర్ 1నా, నవంబర్ 1నా?

సోషల్ మాస్టారు:
మా బడిలో రోజూ ప్రార్థన తర్వాత ‘నేటి విశేషం’ చదివిస్తాను. ఆగస్టు 29 వస్తే గిడుగు రామమూర్తి గారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. అలాంటి వాటితో పేచీ లేదు. పోయినేడు అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిందని రాయించి, నెల తిరగ్గానే నవంబర్ 1న ఆంధ్రప్రదేశ్ అవతరణ దినోత్సవమని రాయించాను. “రాష్ట్రం రెండుసార్లు పుట్టిందా సార్?” అని ఏడో తరగతి పాప అడిగింది. నా మనసు అక్టోబర్ 1 వైపే ఉంది. మీరేమంటారు?

కొండారెడ్డి బురుజు:
మాస్టారూ, మీ మాటే నా మాట. పొట్టి శ్రీరాములు గారు 1952 అక్టోబర్ 19న మద్రాసులో దీక్షకు కూర్చుని డిసెంబర్ 15 రాత్రి ప్రాణం వదిలారు. నాలుగు రోజులకే, 19న, నెహ్రూ ఆంధ్ర రాష్ట్రం ఇస్తామని ప్రకటించారు. 1953 అక్టోబర్ 1న కర్నూలు రాజధానిగా, ప్రకాశం పంతులు గారు ముఖ్యమంత్రిగా రాష్ట్రం వచ్చింది. భవనాలు చాలక ఆఫీసులు గుడారాల్లో నడిపారు. మా తాతయ్య ఆ గుడారాల సంగతి చెప్పినప్పుడల్లా గొంతు మారిపోయేది. అప్పటి 11 జిల్లాలే ఇప్పటి రాష్ట్రం. మధ్యలో ప్రకాశం, విజయనగరం కొత్తగా ఏర్పడి 13 అయ్యాయి, 2014లో మిగిలింది అవే. త్యాగం ఆ రోజుది, నేల ఆ రోజుది. పుట్టినరోజు ఇంకొకటి ఎలా అవుతుంది?

కృష్ణా తీరం:
శ్రీరాములు గారి మీద నాకూ అంతే గౌరవం. కానీ 1953లో వచ్చినదాని పేరు ఆంధ్ర రాష్ట్రం. ఆంధ్రప్రదేశ్ అన్న పేరు 1956 నవంబర్ 1న తెలంగాణ కలిసినప్పటి నుంచే. 2014 చట్టంలో కొత్తగా ఏర్పడింది తెలంగాణ. ఆంధ్రప్రదేశ్ అదే పేరుతో కొనసాగింది. పక్కనే కర్ణాటకను చూడండి, వాళ్లూ 1956 నవంబర్ 1నే రాజ్యోత్సవం చేసుకుంటారు.

కొండారెడ్డి బురుజు:
కర్ణాటక ఉదాహరణ మీకే అడ్డం తిరుగుతుందండీ. ఆ రాష్ట్రానికి 1973 వరకూ మైసూరు అన్నదే పేరు. వాళ్లు పండగ చేసుకునేది పేరుకు కాదు, కన్నడ ప్రాంతాలు ఒక్కటైనందుకు. ఆ కలయిక ఇంకా నిలిచి ఉంది. మన కలయిక 2014 జూన్ 2న విడిపోయింది కదా.

ఓరుగల్లు బిడ్డ:
అన్నా, విడిపోయిందని మీరు బాధగా అంటున్నరు. మా ఇంట్ల నవంబర్ 1 అంటే పెద్దమనుషుల ఒప్పందమే గుర్తుకొస్తది. కలిసే ముందు 1956 ఫిబ్రవరి 20న ఆంధ్ర, తెలంగాణ నాయకులు రాసుకున్న హామీలు అమలు కాలేదనే 1969లో పిల్లలు రోడ్ల మీదికొచ్చిన్రు. మా అవతరణ దినం జూన్ 2. మీ పండగ మీరు ఎంచుకోండ్రి, కానీ మేము కూడా ఉన్న రోజును మీ ఒక్కరి పుట్టినరోజు అనకండ్రి.

గోదారి గట్టు:
బురుజు గారూ, నేల అదే అన్నారు, కొంచెం ఆగండి. 1953లో భద్రాచలం తూర్పు గోదావరి జిల్లాలోనే ఉంది. 1959లో ఖమ్మంలో కలిపారు. 2014లో పోలవరం ముంపు మండలాలు ఇటు వచ్చాయి గానీ రామాలయం ఉన్న భద్రాచలం పట్నం తెలంగాణలోనే ఉండిపోయింది. మా గట్టు వాళ్లకు అది చిన్న తేడా కాదు.

కొండారెడ్డి బురుజు:
నిజమే, ఒప్పుకుంటున్నాను. ‘దాదాపు’ అని ఉండాల్సింది.

కృష్ణా తీరం:
2014 తర్వాత కొన్నేళ్లు మన దగ్గర అవతరణ వేడుకలకు బదులు జూన్ 2న నవ నిర్మాణ దీక్షలు జరిగాయి. 2019లో మళ్లీ నవంబర్ 1 చేశారు. ఇలా మారుస్తూ పోతే పిల్లలకు ఏ తేదీ గుర్తుంటుంది?

సోషల్ మాస్టారు:
ఓరుగల్లు తమ్ముడూ, నీ మాట నాకు తగిలింది. ఈసారి నవంబర్ 1న బోర్డు మీద ‘పుట్టినరోజు’ అని రాయించను. ‘ఆంధ్ర రాష్ట్రం, తెలంగాణ కలిసిన రోజు, 1956’ అని రాయిస్తాను. పుట్టినరోజు మాత్రం అక్టోబర్ 1కే. డిసెంబర్ 15న ఆ పాప చేతే శ్రీరాములు గారి గురించి చదివిస్తాను.