తియన్‌జిన్ పాత బజారు వీధి: చెన్నై నుంచి వెళ్లేవారికి

ప్రశ్న (అన్నానగర్ వాసి): వచ్చే నెల అమ్మానాన్నలతో బీజింగ్ వెళ్తున్నాం. ఒక రోజు బీజింగ్ దగ్గరి తియన్‌జిన్ నగరంలోని పాత బజారు వీధి గువెన్‌హువా జియే చూడాలని ఉంది. అమ్మ శాకాహారి. ఏం తినొచ్చు, ఏం కొనొచ్చు?

జవాబు 1 (పెరంబూరు): బీజింగ్ సౌత్ స్టేషన్ నుంచి స్పీడు రైలు అరగంట. టికెట్‌కీ, గేటు దగ్గరా పాస్‌పోర్టు కావాలి. మెట్రో 2వ లైను వీధి దగ్గరికి వెళ్తుంది. ముందు తియన్‌హౌ గుడి చూడండి. 1326లో కట్టినది, సముద్ర దేవత మాజు గుడి. ధాన్యం ఓడల వాళ్లు క్షేమం కోరి మొక్కేవారు, ఊరు దాని చుట్టూ పెరిగింది.

జవాబు 2 (వేళచేరి): అమ్మగారికి ఝాగావ్ పెట్టించండి. బంకబియ్యప్పిండిలో ఎర్ర గింజల తీపి ముద్ద పెట్టి వేయిస్తారు, మన బూరెకు దగ్గర చుట్టం. వేడిగానే తినాలి, చల్లారితే సాగి పళ్లకు అంటుకుంటుంది. అయితే నూనె పంది కొవ్వా అని అడగాల్సిందే. ‘మాంసం, మాంసపు కొవ్వు వద్దు’ అని చైనీస్‌లో ఫోన్‌లో రాసిపెట్టుకోండి. బావోజీల్లో (ఆవిరిపై ఉడికించే కూరిన బన్నులు) ఎక్కువగా పంది మాంసమే, వదిలేయండి. మాహువా (మెలితిప్పి వేయించిన కరకరలాడే పిండివంట) ఇంటికి తేవచ్చు, గట్టి డబ్బాలో పెట్టకపోతే పొడైపోతుంది.

జవాబు 3 (అంబత్తూరు): యాంగ్‌ల్యూచింగ్ బొమ్మల కాగితం (చెక్క అచ్చుతో వేసే ఇక్కడి సంప్రదాయ చిత్రం) కొనేముందు భూతద్దంతో చూడండి. అసలుదానిలో గీతలు చెక్క అచ్చువి, ముఖాలు కుంచెతో దిద్దినవి. సన్నటి చుక్కలు కనిపిస్తే ప్రెస్సులో అచ్చేసినదే. మట్టి బొమ్మలకు రంగు పైపూతే, తడిబట్ట తగలనివ్వకండి; చేతి సంచిలోనే తెచ్చుకోండి. చైనా చెల్లింపు యాప్ అలీపేకి కార్డు చెన్నైలోనే జత చేసుకోండి.