ఆటల పాత చిత్రాల మీద మక్కువ: అభిరుచా, జ్ఞాపకమా?

చెన్నై వడపళనిలో కొందరు తెలుగువాళ్లం వారాంతాల్లో కలిసి డంజన్స్ అండ్ డ్రాగన్స్ (ఆటగాళ్లు తలా ఒక పాత్రగా మారి సాహసకథను నడిపించే ఆట) ఆడుతుంటాం. ఆటలో చూపేందుకు కొత్త బొమ్మలు గీయించే బాధ్యత నా మీద పడింది గానీ, ఏ ధోరణిలో గీయించాలన్న దగ్గరే ఏకాభిప్రాయం కుదరడం లేదు.

మాలో పెద్దవాళ్లు ఈ ఆట 1983లో వచ్చిన ఎర్ర పెట్టె మీద లారీ ఎల్మోర్ వేసిన డ్రాగన్‌ను, దానికి ఎదురొడ్డిన ఒంటరి యోధుణ్ణి మించినది లేదంటారు. కుర్రవాళ్లకు అవి వెలిసిపోయిన పటాలు. నాకు మాత్రం 1978 నాటి ఆట నియమాల పుస్తకం ప్లేయర్స్ హ్యాండ్‌బుక్‌కు డేవిడ్ ట్రాంపియర్ వేసిన ముఖచిత్రం ఇష్టం: దొంగలు భారీ విగ్రహం మీదికెక్కి దాని కంటి మణిని పెకలిస్తుంటే, కింద మిగిలినవారు పోరు ముగించుకుని తమ పనుల్లో మునిగి ఉంటారు. అయితే, భుజాన శవంతో, చేత కత్తితో నడిచే విక్రమార్కుణ్ణి చందమామలో శంకర్ గీతల్లో చూస్తూ పెరిగినందువల్లే, ఒక్క బొమ్మలో కథంతా ఇమిడ్చే చిత్రాలు నాకు నచ్చుతున్నాయేమోనన్న అనుమానమూ లేకపోలేదు.

చిన్ననాటి పరిచయమేదీ లేకుండా, పెద్దయ్యాకే ఆ పాత చిత్రాలను మొదటిసారి చూసి ఇష్టపడినవారు మీలో ఎవరైనా ఉన్నారా? ఉంటే ఏ చిత్రంలో ఏది ఆకట్టుకున్నదో, అది మీరు ఆడే తీరును ఏమైనా మార్చిందో దయచేసి వివరంగా తెలపగలరు.