ఏడుపుకి లొంగకుండా మంచికి మెచ్చుకోవడం: అత్తయ్యగారిని ఒప్పించేదెలా?

మా బాబుకి నాలుగేళ్లు. ఇంట్లో కుక్కపిల్ల కూడా ఉంది. అది మీదకి ఎగిరితే అటు తిరిగి నిలబడతాం. నాలుగు కాళ్లూ నేల మీద పెట్టగానే, ఆ క్షణంలోనే నిమిరి చిన్న చికెన్ ముక్క పెడతాం. బాగా మారింది. బాబుని కూడా ఊరికే "గుడ్ బాయ్" అనకుండా, "బొమ్మలన్నీ నువ్వే సర్దావే, భలే!" అని చేసిన పని చెప్పి మెచ్చుకుంటాం.

చిక్కల్లా వాడు ఫోన్ కోసం ఏడ్చే ఏడుపు దగ్గరే. పట్టించుకోకపోతే తగ్గే ముందు ఏడుపు ఇంకా పెరగడం మామూలే కదా. సరిగ్గా అప్పుడే మా అత్తయ్యగారు చూడలేక ఫోన్ ఇచ్చేస్తారు. ఇంకాస్త గట్టిగా ఏడిస్తే దొరుకుతుందని వాడికి అర్థమైపోతోంది. వాడంటే ఆవిడకి ప్రాణం, ఆవిణ్ణి నొప్పించడం నాకు ఇష్టం లేదు.

మీ ఇళ్లలో పెద్దవాళ్లకి ఎలా చెప్పారు? ఇంకోటి, పక్క పిల్లల్ని కొట్టినప్పుడు కూడా పట్టించుకోకుండా ఊరుకోలేం కదా, అప్పుడేం చేస్తారు?