సమస్య: తల్లి దండ్రి లేని తనయుఁ డతఁడు

నిర్వాహకుడు (విజయనగరం): ఈ వారం ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను. తనయుడు సంయుక్త సంఖ్య కావాలి, అదే షరతు. కారణాంకాలే తల్లిదండ్రులు. ప్రధాన సంఖ్య చాటున తప్పించుకోవద్దు. ఆదిభట్ల నారాయణదాసు గారు తిరిగిన ఊరండీ, యతి అయినా నిలబెట్టండి.

కోట జంక్షన్:

ఒకటి తానె గాక యొరు లెవ్వరును లేరు
భాగహరణ మింకఁ బనికి రాదు
పదియు నేడు గలుప వచ్చెడి యంకెయే
తల్లి దండ్రి లేని తనయుఁ డతఁడు

నాగావళి (శ్రీకాకుళం): షరతు చదివావా బావూ? 17 ప్రధాన సంఖ్య. పైగా పదీ ఏడూ కలిస్తే పుట్టాడని నువ్వే అన్నావు. మరి ఆళ్లిద్దరూ ఏటవుతారు?

కోట జంక్షన్: గుణకారానికి పుట్టినోళ్లనే లెక్క అన్నారు కదా మాస్టారు!

నిర్వాహకుడు: ఛందస్సు శుభ్రంగా ఉంది. పూరణ మాత్రం చెల్లదు.

బొబ్బిలి వీణ:

రెండు ముప్పదియును రెండు సార్లు గుణించి
ఒకటి గలుప వచ్చు నొక్క సంఖ్య
ఫెర్మ యనియె దానిఁ గాంచి నమ్మక మంది
తల్లి దండ్రి లేని తనయుఁ డతఁడు

నిర్వాహకుడు: తెలివైన పూరణమ్మా. 2కి 1, 2, 4, 8, 16, 32 అని రెట్టింపయ్యే ఘాతాలు వేసి ఒకటి కలిపితే అన్నీ ప్రధానాలేనని నమ్మిన గణితవేత్త ఫెర్మా. తప్పంతా ఆయన నోట పెట్టేశారు, మీ మీద మచ్చ లేదు. కానీ మూడో పాదంలో యతి పోయింది. "ఫె"కి "గాం" ఎలా కుదురుతుంది? "ఫెర్మ యనియె దానిఁ బేరు వెట్టుచు నిట్లు" అనండి, "బే"తో సరిపోతుంది.

నాగావళి: ఆ 2 పవర్ 32 ప్లస్ 1కి, అంటే 4294967297కి, కన్నవాళ్లని 1732లో గణితవేత్త ఆయిలర్ పట్టుకున్నాడు: 641, 6700417. ఊరికే భాగించి చూడక్కర్లేదు. 640 అంటే 5×128, 641తో భాగిస్తే శేషం −1. నాలుగో ఘాతానికి ఎత్తితే 625 ఇంటూ 2 పవర్ 28కి శేషం 1. ఇక 625 అంటే 641కి 16 తక్కువ, అంటే −16. ఆ 16ని 2 పవర్ 28తో గుణిస్తే 2 పవర్ 32. దానికి శేషం −1 అని తేలిపోయింది, ఒకటి కలిపితే సున్నా. నా పూరణ ఇదిగో, అదే వంశంలో ఇంకా పెద్దవాడి మీద:

కన్నవారు గలరు కనరాక యున్నారు
మూఁడు లక్ష లంకె మోయువాఁడు
ఎఱుఁగకున్న లోక మిట్లని నవ్వునా
తల్లి దండ్రి లేని తనయుఁ డతఁడు?

బొబ్బిలి వీణ: 2 పవర్ 10,48,576 ప్లస్ 1 గురించేనా? దానికి 3,15,653 అంకెలు, మీరు పదిహేను వేలు మింగేశారు. పద్యంలో పట్టవనుకోండి.

కోట జంక్షన్: కారణాంకం ఒక్కటీ దొరక్కుండా సంయుక్తమని ఎలా చెప్తారండీ?

నాగావళి: పెపిన్ పరీక్ష, 1877 నాటిది. 3ని వర్గం చెయ్యి, ఆ పెద్ద సంఖ్యతో భాగించి శేషం ఉంచుకో, దాన్ని మళ్లీ వర్గం చెయ్యి. ఇలా 10,48,575 సార్లు. చివరికి శేషం −1 అయితే ప్రధానం, లేకపోతే సంయుక్తం. 1987లో కంప్యూటర్ మీద చేస్తే −1 రాలేదు. తల్లీ తండ్రీ ఉన్నారని రూఢి అయింది, పేర్లు ఈనాటికీ తెలీవు.

బొబ్బిలి వీణ: ప్రధాన కారణాంకాలు ఇద్దరేనని ఎవరు చెప్పారు? ఐదుగురుంటే "తల్లి దండ్రి" ఏమైనట్టు?

నిర్వాహకుడు: సంయుక్తమైతే రెండు ముక్కల లబ్ధంగా రాయొచ్చు కదమ్మా. ఆ ముక్కలకి మళ్లీ కన్నవాళ్లుంటే వాళ్లు తాతలూ అమ్మమ్మలూ. "లేని" అన్న మాటని ప్రశ్నగా తిప్పడం నాకు నచ్చింది. ఈ వారం మెప్పు నాగావళి గారికే.

కోట జంక్షన్: మాస్టారు, ఆ పరీక్ష నా 17 మీద చేశాను. అదీ 2 పవర్ 4 ప్లస్ 1, ఫెర్మా వంశమే. మూడుసార్లు చాలు: 9, 13, 16. పదహారంటే −1. నాది నిజంగానే అనాథ!