అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ (యూజీడీ) వేయాలా, సెప్టిక్ ట్యాంకులనే దారికి తేవాలా?

పాలమూరు పోరడు:
మహబూబ్‌నగర్ మొత్తానికి అండర్‌గ్రౌండ్ డ్రైనేజీ వేసి సెప్టిక్ ట్యాంకులన్నీ పూడ్చేయాలని కాలనీ వాట్సాప్ గ్రూపులో అన్నందుకు సగం మంది నా మీద పడ్డారు. పక్కింటి ట్యాంకు నిండితే ఆ నీళ్లు మా గేటు ముందు మోరీలోకే వస్తాయి. పట్టణాల్లో నీళ్లకు, డ్రైనేజీకి కేంద్రం డబ్బులిచ్చే అమృత్ పథకం లిస్టులో 2015లోనే మనమూ ఉన్నాం, నల్లగొండా ఉంది. ఇంకెన్నేళ్లు ఈ కంపు?

బండరాయి:
కంపు నిజమే తమ్మీ, పైపు వేస్తే పోతుందా అన్నదే నా డౌట్. మన దగ్గర చాలాచోట్ల కొంచెం తవ్వగానే బండ తగులుతుంది. మురుగు పైపు మంచినీళ్ల పైపు లాంటిది కాదు, వాలు మీద దానంతట అదే పారాలి, సెకనుకు 60 సెంటీమీటర్ల వేగమన్నా లేకపోతే అడుగున మడ్డి పేరుకుపోతుంది, ఆ వాలు కోసం పోను పోను లోతు తవ్వాలి, అంటే ఇరుకు గల్లీల్లో పునాదుల పక్కనే బండ పగలగొట్టాలి. నీళ్లూ చాలాలి. మనిషికి రోజుకు 135 లీటర్లు వస్తాయని లెక్కేసి లైన్లు డిజైన్ చేస్తారు, నల్లా రోజు విడిచి రోజు వచ్చే గల్లీలో ఏం పారుతుంది? మురుగు శుద్ధి చేసే ప్లాంటు (ఎస్టీపీ) కట్టకుండా పైపులే వేస్తే కంపు మీ గేటు నుంచి పెద్దచెరువుకు మారుతుంది, అంతే.

అసలు మా ఇంట్లో ఉన్నది ట్యాంకే కాదు, అడుగున కాంక్రీటు లేని గుంత. రెండుమూడేళ్లకోసారి ఖాళీ చేయించాల్సింది, పదేళ్లయినా నిండలేదని మా నాన్నకు ఒకటే సంతోషం. నిండకపోతే ఎటు పోతున్నట్టు? మా బోరు ముప్పై అడుగుల దూరంలో ఉంది! ముందు ఇలాంటి గుంతలు లెక్క తీసి గట్టి ట్యాంకులు కట్టించాలి, ట్యాంకర్ వంతులవారీగా తిరగాలి, తోడిన మడ్డి శుద్ధి చేసే ప్లాంటుకే పోవాలి. పైపులు పాత బజార్లలో వేయండి, అక్కడ ట్యాంకర్ దూరే సందు కూడా లేదు.

కిరాయి ఇల్లు:
ఇవన్నీ ఓనర్ల మాటలు. మా ఓనర్ ట్యాంకు పొంగినా ట్యాంకర్ బండి పిలవడు, తక్కువలో అవుతుందని ఇద్దరు మనుషులను దింపబోతే మేమే ఆపాం. ట్యాంకుల్లోకి, మ్యాన్‌హోళ్లలోకి మనుషులను అలా దింపొద్దని 2013 చట్టం అంటోంది, 2023లో సుప్రీంకోర్టు ఆ పనిలో చనిపోయినవాళ్ల కుటుంబానికి 30 లక్షలు ఇవ్వాలంది, అయినా భయం లేదు. పైపు ఉంటే ఓనర్‌ను బతిమాలే పని తప్పుతుంది.

బండరాయి:
మ్యాన్‌హోల్ జామైతే దాంట్లోకీ మనిషినే దింపుతున్నారు కదమ్మా. మిషన్లు కొనకపోతే రెండూ ఒకటే. ఓనర్ల సంగతి మాత్రం ఒప్పుకుంటా, అందుకే బండి పిలిచే పని వాళ్లకు వదలొద్దు, ఇంటిపన్నుతోపాటే వసూలు చేసి మున్సిపల్ కార్పొరేషనే పంపాలి.

పాలమూరు పోరడు:
సరే, వంతు బండికి నేనూ ఓకే, కానీ పాత బజారుకే పైపు అంటే ఒప్పుకోను. ఒకటి మాత్రం నేనూ ఆలోచించలేదు. మా బాత్రూం ఇంటి వెనక ఉంది, లైను ముందు రోడ్డులో వస్తుంది, కలపాలంటే హాల్లో టైల్స్ పగలగొట్టాలి. ఆ ఖర్చు ఎస్టిమేట్‌లో ఉంటుందా, మన నెత్తినేనా?