వ్యవసాయ సిబ్బంది చేత పొలం అనుభవాలు రాయించడం ఎలా? సలహా ఇవ్వండి

అందరికీ నమస్కారం. అనంతపురం జిల్లా కళ్యాణదుర్గం దగ్గర గ్రామ వ్యవసాయ సహాయకుడిగా పనిచేస్తున్నాను. చుట్టుపక్కల మండలాల సిబ్బంది పొలంలో చూసినదాన్ని తమ పేరుతో, బాధ్యతగా రాసే ఒక బృందం తయారు చేయాలని నా కోరిక.

శెనక్కాయలో ఊడలు (కాయలు కట్టే కాడలు) నేలలోకి దిగేటప్పటికి ఎకరాకు 200 కిలోల జిప్సం వేయమని అందరం చెప్తాం. కానీ సరిగ్గా అప్పుడే వాన మొహం చాటేస్తే, తేమ లేని ఎర్ర నేలలో రైతు నిజంగా ఏం చేశాడు, కాయ ఎట్లా ఊరింది అనేది ఎక్కడా రాసి ఉండదు. అది తెలిసిన ఉద్యోగి బదిలీ అయితే ఆయనతోపాటే పోతుంది. 2000 ఖరీఫ్‌లో మా జిల్లా శెనక్కాయను కాండంకుళ్ళు వైరస్ దెబ్బతీసింది. తామర పురుగులు, గట్ల మీది వయ్యారిభామ కలుపు దాన్ని ఎలా వ్యాపింపజేశాయో శాస్త్రవేత్తలు తేల్చారు. అప్పుడు ఊళ్ళు తిరిగిన అధికారులు పొలంలో మొదట ఏ గుర్తులు చూశారో వాళ్ళ మాటల్లోనే రాయించుకోవాలని ఆత్రంగా ఉంది. చాలామంది రిటైరైపోయారు కూడా.

మనవాళ్ళు ఫోన్‌లో అరగంట చక్కగా చెప్తారు. రాయమంటే మాత్రం "తప్పు పోతే పై ఆఫీసరు అడుగుతారన్నా" అని వెనక్కి తగ్గుతారు. ఈ-క్రాప్ నమోదు (ఏ రైతు ఏ పంట వేశాడో ఆన్‌లైన్‌లో ఎక్కించే పని) రోజుల్లో అయితే టైమే ఉండదు.

వాయిస్ మెసేజ్ తీసుకుని నేనే రాసి, వాళ్ళకు చూపించి, వాళ్ళ పేరు పెట్టడం సబబేనా? మందుల మోతాదులు కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తలు చూశాకే బయటికి వదలాలనుకుంటున్నా, మీరైతే ఆ శాస్త్రవేత్తలను ఎలా ఒప్పించారు? శాఖ అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలా? ఇలాంటి బృందాన్ని మొదటి సీజన్ దాటాక కూడా నిలబెట్టినవాళ్ళు ఉంటే దయచేసి చెప్పండి.